చిన్నమ్మను పెళ్లాడిన కత్తి

చిన్నాయన పోయిన పదోనాడు, బంధువులు భోజనాలు ముగించి పెరట్లో చేతులు కడుక్కుంటుండగా, ఆయన తమ్ముడు గోడకు వేలాడుతున్న కత్తి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "గా కత్తి తెచ్చినోడు బాగోతపోడు. గది యేషం కట్టేటోళ్ళ కత్తి. గసొంటిదానికి బాసింగం కడితె పెండ్లెట్లయితది?" అన్నాడు.

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. "తెచ్చినోడు ఎవడైతే ఏంది, పుస్తె కట్టించుకున్నది నేను," అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ జవాబు నచ్చలేదు. అడిగినదానికి కాకుండా పక్కదానికి జవాబు చెప్పేవాళ్ళను నేను చిన్నప్పటి నుంచీ నమ్మను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. అప్పటికి నేను తాండూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి రెండేళ్ళయింది, ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయలమ్మి తూకం వేస్తుంటే వంగి తక్కెడ కింద చూస్తాను. బడిలో పిల్ల కడుపునొప్పి అంటే ముందు నాలుక చూపించమంటాను. నా వెనక పిల్లలు నన్ను పోలీసు జవాన్ అని పిలుచుకునేవారట. ఆ సంగతి కూడా నేను అనుమానించి కనిపెట్టిందే.

చిన్నమ్మది కత్తిపెళ్లి. ఈ కాలం వాళ్ళకు ఆ మాట చెబితే నవ్వుతారు గనక కాస్త వివరంగా చెప్పాలి. 1948 వేసవిలో ధారూరు దగ్గర మా ఊళ్ళో ఆ పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు నిజాముకు ఎదురు జెండా పట్టుకుని తిరిగాడని ఆయన మీద వారంటు ఉండేది, ఎక్కడో దాక్కున్నాడు. ముహూర్తం వాయిదా వేద్దామంటే మంచం పట్టిన మా అవ్వ ఇంకో నెల ఉంటుందో లేదో తెలియదు. అప్పుడు పెళ్లికొడుకు తండ్రి కబురు పంపాడు. పూర్వం పటేళ్ళ ఇళ్ళల్లో పెళ్లికొడుకు రాలేనప్పుడు ఆ ఇంటి కత్తిని పంపేవారు, పిల్లను ఆ కత్తికి ఇచ్చి కట్టేవారు, మేమూ అలాగే చేస్తాం, మీకు సమ్మతమేనా అని. మా తాత రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

స్టేషను నుంచి ఎడ్లబండిలో కత్తి వచ్చింది. వెంట ఇద్దరే మనుషులు. ఒకరు పెళ్లికొడుకు వైపు ముసలాయన, ఇంకొకరు పొడుగాటి మనిషి. ఆ పొడుగాటాయన ఎర్రగుడ్డ చుట్టిన కత్తిని రెండు అరచేతుల మీద పెట్టుకుని పందిట్లోకి తెచ్చాడు. పీట మీద బియ్యం పోసి దాన్ని నిలబెట్టారు. పిడికి బాసింగం కట్టారు, కొసకు నిమ్మకాయ గుచ్చారు, కండువా కప్పారు. పుస్తెను కత్తికి తాకించి, ఒక ముత్తైదువ చిన్నమ్మ మెడలో కట్టింది. చిన్నమ్మకు అప్పుడు పదిహేడేళ్ళు. తలవంచుకుని కూర్చుంది.

నాకు తొమ్మిదేళ్ళు. అందరూ కత్తిని చూస్తుంటే నేను ఆ పొడుగాటాయన చెవిని చూస్తున్నాను. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. ఆ చెవి నాకు తెలుసు. అంతకుముందు ఏడాది మా ఊళ్ళో మూడు రోజులు బాగోతం ఆడారు. నేను మూడు రోజులూ ముందు వరుసలోనే ఉన్నాను. అందులో రాజు వేషం కట్టినవాడికి ఎడమ చెవికి పోగు నిలవదు, దారంతో చెవి చుట్టూ కట్టుకునేవాడు. ఆ దారం కూడా నేను చూశాను. రాజు కిరీటం పెట్టుకుని అరుస్తుంటే అందరూ భయపడ్డారు గానీ, నాకు మాత్రం ఆ దారం ఊడుతుందా లేదా అన్నదే ధ్యాస. ఆ రాజు ఇప్పుడు మామూలు ధోవతి కట్టుకుని మా పందిట్లో మా చిన్నమ్మ పెళ్లికొడుకును మోసుకొచ్చాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ చెంప పగలగొడుతుందని భయం. పోలీసు చర్య అయ్యాక చిన్నాయన బయటికి వచ్చాడు, చిన్నమ్మను తాండూరు తీసుకువెళ్ళాడు. కత్తి కూడా ఆమె వెంటే వెళ్ళింది. ఇద్దరూ బాగానే బతికారు. పిల్లలు కలగలేదు, అదొక్కటే లోటు. నేను పెరిగి పెద్దదాన్నయ్యాను, పంతులమ్మనయ్యాను, కానీ ఆ చెవి నా మనసులోంచి పోలేదు. చిన్నమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఎదురుగా గోడ మీద ఆ కత్తి కనపడేది. అసలు కత్తిని బాగోతపు మనిషి ఎందుకు తెస్తాడు అని నన్ను నేనే ప్రశ్నించుకునేదాన్ని.

చిన్నాయన తమ్ముణ్ణి నేను కాకా అని పిలిచేదాన్ని. పదోనాడు కాక అన్న మాట వట్టి నోటి దురుసు కాదు. ఆ ఇల్లు తన తండ్రి కట్టించింది, పెళ్లి కాని ఆడది అందులో ఉండడానికి వీల్లేదు అన్నాడు. తన తండ్రికి ఈ సంబంధం ఇష్టం లేదనీ, ఇచ్చిన మాట పోకుండా ఉండడానికి మాత్రం ఉత్తుత్తి కత్తిని పంపాడనీ అన్నాడు. అన్న తర్వాత ఆమెను ఉంచుకున్నాడే తప్ప పెళ్లి చేసుకోలేదట. కులపెద్దలు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. సంవత్సరీకం నాటికి తేలుద్దాం, కత్తి అసలుదైతే ఆమె ఈ ఇంటి కోడలు, కాకపోతే ఆమె పుట్టింటికి పోవాలి అని చెప్పి లేచారు. ఆ రోజు నుంచి కాక చిన్నమ్మను వదినె అనడం మానేశాడు. గామె, గామె అని పిలిచేవాడు. పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషిని వీధిలో గామె అంటుంటే నా ఒళ్ళు మండిపోయేది.

మండిపోయేది నిజమే. కానీ అంతకన్నా ఎక్కువగా భయం వేసేది. ఎందుకంటే ఆ మాట కాక నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

చిన్నాయన పోవడానికి ముందు ఏడాది కొడంగల్‌లో ఒక పెళ్లికి చిన్నమ్మ తప్ప మేమందరం వెళ్ళాం. ఆడవాళ్ళం కూర్చుని విస్తరాకులు కుడుతున్నాం. పెళ్లికొడుకు చేతిలో కత్తి ఉంది, ఆ కత్తి ఈగనైనా కొడుతుందా అని ఎవరో ఆటపట్టించారు. అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వించాలని బుద్ధి పుట్టింది. "మా చిన్నమ్మ పెండ్లికి కత్తే పెండ్లికొడుకు, దాన్ని మోసుకొచ్చినోడు బాగోతపు రాజు!" అన్నాను. చీలిన చెవి సంగతి, దారం సంగతి అభినయం చేసి మరీ చూపించాను. పగలబడి నవ్వారు. కాక భార్య మాత్రం పళ్ళ మధ్య పుల్ల పెట్టుకుని ఆకు కుడుతూనే ఉంది, నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం నేను గమనించాను. గమనించి కూడా ఊరుకున్నాను.

ఇది చిన్నమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె వడ్డించిన అన్నం తింటూ, ఆమె ఉతికి ఆరేసిన చీర కట్టుకుని బడికి పోతూ, సాయంత్రం వచ్చి ఆమెనే అనుమానంగా చూసేదాన్ని. నా తప్పు చిన్నది కావాలంటే ఆ కత్తి నిజంగా బాగోతపుదే అయి ఉండాలి కదా. అప్పుడు నేను ఉన్న మాటే అన్నట్టు. సిగ్గు లేకుండా అలా కూడా ఆలోచించాను.

ఆ ఏడాదంతా కత్తిని ఎన్నిసార్లు దించి చూశానో లెక్కలేదు. కాక చెప్పిన వంకలన్నీ నిజమే అనిపించేవి. మొదటిది, కత్తి తేలిక. చిన్నాయన లాంటి భారీ మనిషి ఇంటి కత్తి ఒంటిచేత్తో పంతులమ్మ ఎత్తేంత తేలికగా ఉంటుందా? రెండోది, పిడి ఇరుకు. చిన్నాయన పిడికిలి అందులో పట్టదు, నా చెయ్యి సరిగ్గా సరిపోతుంది. మూడోది, మొద్దుగా ఉంది, బెండకాయ కూడా తెగదు. అన్నింటికన్నా పెద్దది రంగు. కత్తి అంతటా వెండి రంగు పూసి ఉంది, పిడి దగ్గర పొరలుగా లేచింది. అసలు కత్తికి ఎవరైనా రంగు పూస్తారా?

ఇంకో సంగతి కూడా ఉంది, అది నేను ఒక్కదాన్నే పట్టుకున్నాను. దసరా ముందు ఇంట్లో ఇత్తడి సామాను, రాగి సామాను అన్నీ చింతపండుతో, బూడిదతో తోమేవాళ్ళం. కత్తిని మాత్రం చిన్నమ్మ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. తనే మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచి పసుపు పెట్టేది. బూడిద అస్సలు తాకనిచ్చేది కాదు. తోమితే ఏం బయటపడుతుందని ఆమె భయం? అంటే ఆమెకు తెలుసు. తెలిసి మా అందరి కళ్ళు కప్పుతోంది అనుకున్నాను.

సంవత్సరీకం ఇంకో నెల ఉందనగా ఒక ఆదివారం పొద్దున చిన్నమ్మ తనే కత్తిని గోడ మీద నుంచి దించింది. చాపలో పెట్టి చుట్టి, పైన పాత దుప్పటి కప్పి, రెండుచోట్ల తాడు కట్టింది. "వికారాబాదుల సికిల్గరు ముసలాయన ఉన్నడట, కత్తులకు సాన పట్టేటాయన. వెనుకటి తల్వార్లు మంచిగ ఎరుకట. నువ్వే తీస్కపోయి చూపియ్యి," అంది.

"నేనా? మా నాయిన్ని పిలిపిద్దమా?" అన్నాను.

"నువ్వే పోవాలె. చదువుకున్నదానివి, అన్నీ అడుగుతవు. ఆయన ఏమంటడో గదే వచ్చి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ నింపాదితనం నాకు మరీ అనుమానం కలిగించింది. ఇంత ధీమాగా పంపుతోందంటే ఆ ముసలాయనతో ముందే మాట్లాడుకుందేమో. రైలెక్కేదాకా అదే ఆలోచన.

పాసింజరు బండి. కిటికీ పక్కన కూర్చుని చాపచుట్టను రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి చాపను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ చాపను చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. మా ధారూరు స్టేషనులో ఒక కానిస్టేబులు ఎక్కాడు. కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ వచ్చి, నా చాపను తట్టి, "ఏందమ్మ గిది, గింత గట్టిగుంది?" అన్నాడు.

కత్తికి లైసెన్సు కావాలో అక్కరలేదో కూడా నాకు తెలియదు. "బడిల నాటకముంది సార్. గది బాగోతపు కత్తి," అన్నాను.

ఆయన దుప్పటి అంచు లాగి, వేలితో వెండి రంగు గీకి చూసి నవ్వాడు. "మా వాడకట్ల పోరగాండ్లు గూడ గిట్లనే చేసుకుంటరు," అంటూ కూర్చుని బీడీ ముట్టించాడు.

నేను దుప్పటి సర్దుకుని, చెమట తుడుచుకుని కూర్చున్నాను. బండి కదిలింది. అప్పుడు నా మాట నాకే మళ్ళీ వినపడింది. బాగోతపు కత్తి! ఎవరూ నేర్పకుండానే ఆ అబద్ధం నా నోటికి వచ్చింది. పట్టపగలు, ఏ గొడవా లేని రోజుల్లో, బీడీ తాగే ఒక్క కానిస్టేబులుకు భయపడి నేను ఆ మాట అన్నాను. మరి నలభై ఎనిమిది వేసవిలో, స్టేషనుకు ఇద్దరు చొప్పున రజాకార్లు తుపాకులతో ఆపి మూటలు విప్పించే రోజుల్లో, వారంటు ఉన్నవాడి ఇంటి కత్తిని తాండూరు నుంచి ధారూరుకు ఎలా తేవాలి? ఎవరి చేతికి ఇస్తే ఎవరూ అడగరు? బాగోతపు మనిషి పెట్టెలో పది రేకు కత్తుల మధ్య పదకొండోది పెడితే ఎవరు లెక్కపెడతారు?

కానీ ఊహ రుజువు కాదు. నా మనసు నన్ను మోసం చేస్తోందేమో అని దాన్ని కూడా అనుమానించాను.

సికిల్గరు ఇల్లు బజారు వెనక సందులో ఉంది. తెల్లటి గడ్డం, సన్నటి మనిషి. ఆయన భార్య కూర్చుని తోలు పట్టెడ లాగుతుంటే సానచక్రం తిరుగుతోంది, ఆయన చక్రానికి కత్తెర ఆనించి పట్టుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఒక జాగీర్దారు ఆయుధాల కొట్టులో పనిచేశాడని సందు మొదట్లో వాళ్ళు చెప్పారు. నేను రైల్లోనే ఒక ఎత్తు వేసుకున్నాను. ఆయన చిన్నమ్మ మనిషో కాదో తేల్చాలి గనక, కాక తరఫున వచ్చినట్టు మాట్లాడాలనుకున్నాను.

"చాచా, ఇది ఉత్తుత్తి కత్తి అని నువ్వు చెప్పాలె. మాకు గట్ల చెప్పిచ్చుకునే పనుంది," అన్నాను.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "నువ్వే చెప్పుకున్నంక నా తాన ఏం పని బేటీ? పో," అన్నాడు.

"ఎవరన్న ముందే వచ్చి చెప్పిపోయిండ్రా నీకు?"

ఆయన భార్య పట్టెడ వదిలేసి ఫక్కున నవ్వింది. "పోలీసోళ్ళ బిడ్డ ఉన్నట్టుంది," అంది. ముసలాయనకు మాత్రం కోపం వచ్చింది. చాప తనే విప్పాడు. కత్తిని చూశాడు, పిడి దగ్గర నుంచి నాలుగు వేళ్ళ దూరంలో చూపుడు వేలు పెట్టి ఎత్తాడు. కత్తి వేలి మీద అటూ ఇటూ ఊగి నిలబడింది. ఆయన కోపం అక్కడే ఆగిపోయింది.

"తేలికుందని అంటున్నరు," అన్నాను.

"అసలుది తేలికనే ఉంటది. రోజంత తిప్పాలె గద? బాగోతపోళ్ళది బండిచక్రం ఇనుపపట్టా కొట్టి చేస్తరు. మొదలు కాడ ఎంత మందమో కొస కాడ గంతే మందం. గందుకే మస్తు బరువు. చెయ్యి పెట్టి చూడు, గిది పోను పోను పలచగయితది."

నా వేళ్ళతో వెన్ను పట్టుకుని కొసదాకా జరిపాను. నిజమే, సగం దాటాక పలచబడుతూ వచ్చింది. పిడి సంగతి అడిగాను. ఇరుకు పిడిలో చెయ్యి బిగుసుకుంటుంది, జారదు, పాత తల్వార్లన్నీ అంతే అన్నాడు. వేషగాళ్ళకు దూరం నుంచి కనపడాలి గనక పిడి పెద్దగా చేయించుకుంటారట. తర్వాత అంచును వెలుతురుకు పట్టి నన్ను దగ్గరికి పిలిచాడు.

"బాగోతంల దినాం కత్తికి కత్తి కొడ్తరు, సప్పుడు రావాలె గద. అంచంత రంపం పండ్ల లెక్క గంట్లు వడ్తయి. దీనికి ఒక్కటన్న ఉన్నదా? ఉంటె చూపియ్యి."

నేను వెతికాను. మొండిదాన్ని గనక రెండువైపులా, గోటితో తడుముతూ, పిడి నుంచి కొస దాకా వెతికాను. ఒక్క గంటు కూడా లేదు. అంచును ఆకురాయితో రాసి మొద్దు చేశారు, అంతే. ఈ కత్తి ఏ రాజు వేషానికీ ఏ ఆటలోనూ దిగలేదు.

ఆ తర్వాత ఆయన పిడిని నిప్పుల మీద కాచాడు. సందులోంచి నల్లటి లక్క ఉబికింది, దాని వాసన గదంతా పట్టింది. మేకులు కొట్టలేదు, లక్క పోసి నిలబెట్టారు, పాత పద్ధతి అదే అన్నాడు. చివరికి జానెడు మేర నూనె, బూడిద వేసి రంగు తీశాడు. దాని మీద అన్నభేది నీళ్ళు దూదితో రాసి కాసేపు ఊరుకున్నాడు. నల్లటి ఇనుములో తెల్లటి గీతలు లేచాయి. బియ్యం కడిగినప్పుడు గిన్నెలో కడుగు తిరిగినట్టు సుళ్ళు సుళ్ళుగా ఉన్నాయి. "గివి పాత ఉక్కు గీతలు, పట్టా ఇనుముల రావు," అన్నాడు. ఆయన భార్య లేచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి గింత మంచిదానికి రంగెందుకు పూస్తరు చాచా?" అన్నాను. నా గొంతులో దబాయింపు లేదు.

"గా ఏడు ఎంతమంది వచ్చిండ్రో నా తానికి. రంగు వెయ్యి, మొద్దు చెయ్యి, గాజురాళ్ళు అతుకు, ఆటసామాన్ల లెక్క కనవడాలె అని. ముందు రజాకార్లకు భయపడి, ఎనకసీరి మిల్ట్రికి భయపడి. గీ చేతులతోనే పూసిన. ఏడ్చుకుంట పూసిన బేటీ." ఆయన కత్తిని ఇటూ అటూ తిప్పాడు. "గిది నేను పూసింది గాదు. నేనైతె ఇంక జర మంచిగ పూస్తుంటి."

మిగతా రంగు తీయవద్దని, రెండూ పక్కపక్కన కనపడాలని చెప్పి కత్తిని మళ్ళీ చాపలో చుట్టించుకున్నాను. తిరుగు రైల్లో నాకు ఏడుపు వచ్చింది. చిన్నమ్మ గెలిచిందన్న సంతోషం కాదు. పదిహేనేళ్ళు ఒక చెవిని పట్టుకుని వేలాడాను, దాన్ని నలుగురిలో నవ్వులాటకు వాడాను, ఒక ఆడదాని కాపురాన్ని బజారుకు ఈడ్చాను. ఇంటికి వెళ్ళి కత్తి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నా సంగతి చెప్పలేదు. చిన్నమ్మ అంతా విని, "కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు," అంది.

సంవత్సరీకం రోజు పెద్దలు ముగ్గురూ అరుగు మీద నాపబండల మీద కూర్చున్నారు. నేను బడిలో పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటీ చూపించి చెప్పాను. కాక మధ్యలో అడ్డం వచ్చాడు. "పంతులమ్మ మంచిగ కంఠతా పట్టింది. సాయిబు చెప్తె మనం నమ్మాల్నా? గా గీతలు గూడ ఆయన పెట్టినయే అయితయి," అన్నాడు. అతని స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ముగ్గురిలో పెద్దపటేలు కత్తిని వేలి మీద నిలబెట్టి చూశాడు. పొయ్యిలోంచి బూడిద తెప్పించాడు, నూనె తెప్పించాడు. సికిల్గరు ముట్టని చోట, కొస దగ్గర, తన బొటనవేలితో తనే రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. రంగు పోయింది, కింద ఆ సుళ్ళే మసకగా కనపడ్డాయి. పక్కనున్న ఇద్దరికీ చూపించి కత్తిని కాక ముందు పెట్టాడు.

కాక వంగి చూశాడు. అతని వేళ్ళు వాటంతట అవే ఆ గీతల మీదికి వెళ్ళాయి. పెళ్లినాటికి అతనికి పద్నాలుగేళ్ళు, తండ్రి ఆ మరుసటేడే పోయాడు. ఆ ఇంటి కత్తి ఏమైందో అతనికి ఎవరూ చెప్పలేదేమో. దసరాకు జమ్మి దగ్గరికి మిగతా పటేళ్ళ ఇళ్ళ వాళ్ళు కత్తులు పట్టుకుని వస్తుంటే, అతను గొడ్డలి పట్టుకుని వెళ్ళడం నేనే చూశాను. ఆ వేళ్ళను చూస్తే అతనికి ఏం కావాలో అర్థమైంది. నాకు అర్థమైంది అంటే పెద్దపటేలుకు ఎప్పుడో అర్థమై ఉంటుంది.

"గిది అసలుది. అసలుదైతే మీ తాతల నాటిది, నీకు గూడ హక్కున్నది. తీస్కపోతవా?" అని అడిగాడు పెద్దపటేలు. "తీస్కపోతె మీ నాయిన పంపిన కత్తి గిదే అని ఒప్పుకున్నట్టు. మాది గాదంటవా, జర గట్టిగ చెప్పు. గప్పుడు ఆమె ఎవలో, కత్తి ఎవలదో, మాకు పని లేదు. లేచిపోతం."

చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. కత్తిని తనే ఎత్తి, కొంగుతో బూడిద తుడిచి, అతని ముందు పట్టుకుంది. "పట్టు. మీ ఇంటిదే," అంది.

అతను రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. "దసరకు పూజ చేసినంక తెచ్చి చూపిస్త వదినె," అన్నాడు. ఏడాది తర్వాత ఆ మాట. అది మనస్ఫూర్తిగా అన్నాడా, కత్తి కోసం అన్నాడా అని నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. ఎలా అన్నా ముగ్గురు పెద్దలు విన్నారు, వెనక్కు తీసుకోలేడు.

అందరూ వెళ్ళాక, పొద్దు ఇంకా గుంకకముందే చిన్నమ్మ చాట ముందేసుకుని కందుల్లో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని నేనూ ఏరసాగాను. గెలిచాం కదా, ఏదైనా అంటుందేమో అని చూశాను. ఇంకో గుప్పెడు కందులు చాటలో పోసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే, "కొడంగల్ల గా చెవి సంగతి చెప్పింది నువ్వే గద," అంది.

నేను చాటలోంచి చెయ్యి తీసేశాను.

"పీట మీద తలకాయ వంచుకోని కూసున్న గని, నువ్వు ఎటు చూస్తున్నవో నాకు కనవడ్డది. అందరు కత్తిని చూస్తుండ్రు, నువ్వు గా మనిషి మొకం చూస్తున్నవ్. మా మరిది గా మాట అన్ననాడే ఎరుకయింది, నీ నోట్లెకెల్లే వచ్చిందని, కొడంగల్ల విన్నోళ్ళు తర్వాత చెవి సంగతి గూడ చెప్పిండ్రు. గా బాగోతపాయన పెట్టెల దాచి తెచ్చిండని మీ చిన్నాయిన నాకు పెండ్లయిన కొత్తలనే చెప్పిండు. రంగు పోకుంట చూస్కో, ఎవ్వలన్న అడిగితె బాగోతపుదే అను అన్నడు. నువ్వు అడుగుతె నీకు చెప్తుంటి. అడుగుతవేమో, అడుగుతవేమో అని చూసిన."

"మరి నన్నే ఎందుకు పంపినవ్ చిన్నమ్మా, గక్కడికి?" అన్నాను.

"నీ కోసమే పంపిన. పెద్దమనుషుల కోసం గాదు." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. అప్పుడు నా వైపు చూసింది. "మా మరిది నన్ను నమ్మకుంటె పంచాయితి వెట్టిండు. నువ్వు నమ్మకుంటనే నా చేతి బువ్వ తిన్నవ్. నేను ఎవ్వల తాన పంచాయితి వెట్టాలె బిడ్డా?"